అడవిలో ఒక సీజన్: పనీ నేర్పాలి, జీతమూ ఇవ్వాలి

‘మూడు నెలల పనా? ఆ తర్వాత?’ సీజనల్ ఉద్యోగం అనగానే మన ఇళ్లలో ముందు వినిపించే మాట ఇదే. అలా అడగడం తప్పేం కాదు. అప్పు చేసి చదివించిన తల్లిదండ్రులకు, వయసు దాటిపోతోందని వేళ్ల మీద లెక్కేసుకుంటున్న అభ్యర్థికి ‘ఆ తర్వాత’ అన్నదే అసలు ప్రశ్న. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, వచ్చినా పరీక్ష ఎప్పుడు జరుగుతుందో తెలియని రోజుల్లో ‘అడవిలో మొక్కలు లెక్కపెట్టే పనికి వెళ్తాను’ అంటే ఇంట్లో నవ్వినా నవ్వుతారు.

అయినా ఈసారి ఆ పని గురించే మాట్లాడుకుందాం. జాతీయ పార్కుల్లో గడ్డి, పొద, చెట్టు ఏ స్థితిలో ఉన్నాయో కొలిచి రాయడం, చెడిపోయిన చోట మళ్లీ నిలబెట్టడం ఏడాది పొడవునా ఒకే తీరుగా సాగే పని కాదు. కొన్ని నెలల్లోనే జరగాలి, ఆ నెలల్లో ఎక్కువమంది చేతులు కావాలి. బోటనీ, జువాలజీ, ఫారెస్ట్రీ, అగ్రికల్చర్, జాగ్రఫీ చదివినవాళ్లకు చక్కగా సరిపోతుంది. కానీ మన దగ్గర ఇది రెండు రూపాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఒకటి రోజు కూలి, రెండోది ఉచిత స్వచ్ఛంద సేవ. ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన మెట్టు, అంటే శిక్షణ ఇచ్చి, డబ్బులిచ్చి, చివర్లో పనికొచ్చే సర్టిఫికెట్ చేతిలో పెట్టే సీజన్ ఉద్యోగం దాదాపు లేదు. ఆ మెట్టు కట్టాల్సిన బాధ్యత ప్రభుత్వాలది. కట్టమని అడగాల్సింది మీరు.

కొలవకపోతే తెలియదు

అడవిని దూరం నుంచి చూసి ‘ఎంత పచ్చగా ఉందో’ అనడం తేలిక. ఆ పచ్చదనం దుప్పికి తిండి అవుతుందా లేదా అన్నది దగ్గరికి వెళ్తేనే తెలుస్తుంది. లాంటానానే తీసుకోండి. పులికంప అనీ, తలంబ్రాల మొక్క అనీ ఒక్కో ఊళ్లో ఒక్కో పేరుతో పిలుస్తారు. రంగురంగుల పూల గుత్తులు చూడముచ్చటగా ఉంటాయి. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల ఈ మొక్కను 19వ శతాబ్దం తొలినాళ్లలో తోటల అందం కోసం మన దేశానికి తెచ్చారు. తోట దాటి అడవిలోకి వెళ్లింది. పండ్లను పిట్టలు తిని గింజలను దూరదూరాలకు మోశాయి. దాని ఆకు పశువులకు విషం. గుబురుగా అల్లుకుంటే కింద గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే దుప్పి ఉండదు, దుప్పి లేకపోతే పులి నిలవదు. పైనుంచి చూస్తే మాత్రం అంతా పచ్చగానే ఉంటుంది.

ఇది దేశంలో ఎంత మేర పాకిందో ఎలా తెలిసింది? నాలుగేళ్లకోసారి జరిగే అఖిల భారత పులుల గణనను గుర్తుచేసుకోండి. 2006 నుంచి ఈ పద్ధతిలో నడుస్తున్న ఆ లెక్కలో కెమెరా ట్రాప్‌ల గురించి పేపర్లలో చదివే ఉంటారు. దానికి ముందు బీటు సిబ్బంది నడిచి చేసే పని ఒకటుంది. దాని గురించి ఎవరూ పెద్దగా రాయరు. అడవిలో తిన్నని గీతలా ఒక దారి గుర్తించి, దాని మీద ప్రతి 400 మీటర్లకూ ఆగుతారు. చుట్టూ 15 మీటర్ల వ్యాసార్థంలో ఏ చెట్లు, ఏ పొదలు, ఏ కలుపు మొక్కలు ఎక్కువగా ఉన్నాయో వరసగా రాస్తారు. మీటరు వ్యాసార్థంలో నేల మీద గడ్డి ఎంత, ఎండుటాకు ఎంత, వట్టి నేల ఎంత అని నమోదు చేస్తారు. అలా దేశమంతటా నింపిన లక్షకు పైగా ప్లాట్ల వివరాలతోనే భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు 2020లో లాంటానా వ్యాప్తి మీద అధ్యయనం ప్రచురించారు. లక్షన్నర చదరపు కిలోమీటర్లకు పైగా అడవిలో అది విస్తరించి ఉందని తేల్చారు. ఏదో ఒక కొండవాలులో నిలబడి ఒక మనిషి రాసిన నాలుగు మొక్కల పేర్లు ఆ పటంలో ఒక చుక్క. పేరు తప్పు రాస్తే చుక్కా తప్పే.

అందుకే ఈ పనికి అందరికంటే ముందు కావాల్సింది మొక్కను చూసి పేరు చెప్పగల మనిషి. మార్కుల జాబితాలో బోటనీకి 90 వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. కాలేజీ గోడ పక్కన మొలిచిన పది మొక్కల పేర్లు తడుముకోకుండా చెప్పేవాళ్లు తక్కువ. ఈ లోటు ఒక సీజన్ పనిలో తీరుతుంది, క్లాసులో తీరదు.

నరకడంతో అయిపోదు

కొలత పని ఒక సగమైతే, పునరుద్ధరణ రెండో సగం. లాంటానాను మొదలు పైన నరికితే పిలకలు వేసి ముందుకంటే గుబురుగా లేస్తుంది. తగలబెట్టినా మళ్లీ చిగురిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ ప్రాంతంలో ఒక పద్ధతిని అమలు చేసి చూపింది. నేలకు కొన్ని సెంటీమీటర్ల లోతున, పిలకలు వేసే భాగానికి కింద తల్లివేరును కోసి, పొదను ఎత్తి తలకిందులుగా పెడతారు. అలా పెడితే కొమ్మలు నేలను తాకి మళ్లీ వేళ్లు దిగవు. యంత్రాలు అక్కర్లేదు, మందులూ అక్కర్లేదు.

కానీ అక్కడితో పని ముగిసిందనుకుంటే పొరపాటు. నేలలో దాగిన గింజలు తర్వాతి వానకు మొలుస్తాయి. పిట్టలు వాలే చెట్ల కింద కొత్త మొలకలు వస్తాయి. వరసగా కొన్నేళ్లు వచ్చి వాటిని ఏరేయాలి. ఖాళీ అయిన నేలలో అక్కడి గడ్డినే, అక్కడి మొక్కలనే నిలబెట్టాలి. ఏం మారిందో ఏటా అదే ప్లాట్లలో కొలవాలి. ఒక సీజన్లో ఊరేగింపుగా వచ్చి నరికేసి, ఫొటోలు దిగి వెళ్లిపోతే రెండేళ్లలో అడవి మొదటికొస్తుంది. ఖర్చు పెట్టిన డబ్బు, చిందించిన చెమట రెండూ వృథా.

మన ప్రాంతంలో ఈ పనికి ఒక క్యాలెండర్ ఉంది. వానలు పడి నేల మెత్తబడ్డాక కలుపును వేరుతో తీయడం తేలిక. పూత మీదున్నప్పుడు మొక్కల్ని గుర్తుపట్టడం సులువు కాబట్టి వానల చివర్లో ప్లాట్ల కొలత. బోద, నెంద్ర లాంటి గడ్డి గింజ పట్టి ముదిరాక సేకరణ. చలికాలం వెళ్తుండగా ఫైర్ లైన్లు గీయడం, ఫిబ్రవరి నుంచి మే దాకా మంటల కాపలా. తొలకరికి ముందు నేల సిద్ధం చేసి గింజ చల్లడం. దీన్ని చూస్తే ‘సీజనల్’ అన్న మాటకు అర్థం తెలుస్తుంది. ప్రకృతి పెట్టిన గడువు అది. దాన్ని అడ్డం పెట్టుకుని మనుషుల్ని ‘తాత్కాలికం’ అని చులకన చేయడం మాత్రం మనం పెట్టుకున్న అలవాటు.

ఇంకో అలవాటు కూడా మార్చుకోవాలి. జులై రాగానే గోతులు తీసి మొక్కలు నాటడమే పర్యావరణ సేవ అని మనకు బాగా నాటుకుపోయింది. పార్కులో ఖాళీగా కనిపించే ప్రతి జాగా ఖాళీ కాదు. హైదరాబాద్ శివార్లలో వనస్థలిపురం దగ్గరున్న మహావీర్ హరిణ వనస్థలి కృష్ణజింకల పార్కు. కృష్ణజింక గడ్డి బయళ్లలో బతికే జంతువు. దూరం దాకా చూపు ఆనాలి, పరుగెత్తడానికి జాగా ఉండాలి. అలాంటి చోట చెట్లు కమ్ముకుంటే దానికి మేలు జరగదు. ఎక్కడ నాటాలో, ఎక్కడ నాటకూడదో చెప్పగలగడం కూడా ఈ పనిలో భాగమే.

ఒక హెచ్చరిక. ఉత్సాహం కొద్దీ మిత్రులంతా కలిసి కత్తులు పట్టుకుని పార్కులోకి వెళ్లి కలుపు తీస్తామంటే కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం జాతీయ పార్కులో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా మొక్కను తొలగించడమైనా నేరమే. పని ఎప్పుడైనా అటవీ శాఖ ద్వారా, లేదా శాఖ అనుమతి ఉన్న సంస్థ ద్వారా మాత్రమే.

మన ముంగిట్లోనే ఆరు పార్కులు

ఇదంతా ఎక్కడో హిమాలయాల ముచ్చట అనుకోవద్దు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆరు జాతీయ పార్కులున్నాయి. తెలంగాణలో కేబీఆర్, మహావీర్ హరిణ వనస్థలి, మృగవని. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీవేంకటేశ్వర, పాపికొండ, కడప జిల్లాలోని రాజీవ్‌గాంధీ పార్కు. పరిమాణంలో ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. జూబ్లీహిల్స్ నడుమ ఉన్న కేబీఆర్ పార్కు ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. 2008లో జాతీయ పార్కు హోదా వచ్చిన పాపికొండ వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటుతుంది. శేషాచలం కొండల్లోని శ్రీవేంకటేశ్వర పార్కు 353 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అదే కొండల్లో జాలరి, మొగి, తెల్లకరక లాంటి అరుదైన చెట్లూ ఉన్నాయి. ఎర్రచందనం స్మగ్లింగ్ వార్తల్లో దుంగల లెక్క చదువుతుంటాం. కొత్తగా ఎన్ని మొలకలు నిలుస్తున్నాయన్న లెక్క కూడా అంతే ముఖ్యం. అది కూర్చున్న చోటు నుంచి రాదు, కొండెక్కి చూడాలి.

నల్లమలలోని అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలకు జాతీయ పార్కు హోదా లేకపోయినా అక్కడ చేయాల్సిన పని ఇదే.

ఇక్కడ మర్చిపోకూడని మాట ఒకటుంది. నల్లమలలో చెంచులు, పాపికొండల్లో కొండరెడ్లు తరతరాలుగా ఆ అడవిలోనే ఉన్నారు. ఏ గడ్డి ఎప్పుడు గింజ పడుతుందో, ఏ చెలమ ఎప్పుడు ఎండుతుందో వాళ్లకు పుస్తకం అక్కర్లేకుండానే తెలుసు. నిప్పుల కాపలాలో, బేస్ క్యాంపుల్లో చెంచు యువకులు పనిచేస్తూనే ఉన్నారు. పట్నం నుంచి డిగ్రీతో వచ్చిన విద్యార్థికి ‘ఇంటర్న్’ అని, దారి చూపించి మొక్క పేరు చెప్పిన చెంచు యువకుడికి ‘కూలీ’ అని పేరు పెట్టడం న్యాయం కాదు. ఇద్దరూ ఒకే బృందంలో, ఒకే శిక్షణతో, ఒకే సర్టిఫికెట్‌తో పనిచేయాలి. ఒకరు శాస్త్రీయ నామం నేర్పితే ఇంకొకరు అడవిని నేర్పుతారు.

సేవ సరే, జీతం మాటేంటి?

ఉచిత సేవలో పైకి కనిపించని చిక్కు ఒకటుంది. మూడు నెలలు జీతం లేకుండా ఎవరు ఉండగలరు? ఇంట్లో నుంచి నెలనెలా డబ్బు వచ్చేవాళ్లు. సెలవుల్లో క్యాటరింగ్‌కు, డెలివరీకి వెళ్లి హాస్టల్ ఫీజు కట్టుకునే కుర్రాడు ఉండలేడు. రేపు ఫారెస్ట్ ప్రాజెక్టులో ‘అనుభవం ఉందా?’ అని అడిగితే ఉచితంగా పనిచేయగలిగినవాడికే ఉంటుంది. అంటే ప్రతిభను చూసి వడపోయాల్సింది పోయి జేబును చూసి వడపోస్తున్నామన్నమాట.

డబ్బులిస్తే సేవాభావం పోతుందన్న వాదన ఒకటి వినిపిస్తుంది. చరిత్ర దానికి వేరే సమాధానం చెబుతుంది. 1933లో, మహామాంద్యంతో కోట్ల మంది వీధిన పడ్డప్పుడు అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ‘సివిలియన్ కన్జర్వేషన్ కోర్’ మొదలుపెట్టారు. 1942 దాకా నడిచిన ఆ పథకంలో దాదాపు 30 లక్షల మంది యువకులు అడవుల్లో, పార్కుల్లో పనిచేశారు. తిండి, బస పెట్టి నెలకు 30 డాలర్లిచ్చేవారు. అందులో 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్లేవి. వాళ్లు నాటిన చెట్లు 300 కోట్ల దాకా ఉంటాయి. వాళ్లు వేసిన కాలిబాటల మీద అక్కడి పార్కుల్లో సందర్శకులు ఇప్పటికీ నడుస్తున్నారు. దేశం అప్పుల్లో ఉన్నప్పుడే జీతమిచ్చి చేయించిన పని అది. ఆ వరసలోనే ఇప్పుడక్కడ అమెరికార్ప్స్ కింద పార్కుల్లో ఒక సీజన్ పనిచేసే యువతకు జీవన భత్యం, పని పూర్తి చేస్తే చదువు ఖర్చుకు కొంత మొత్తం ఇస్తారు. దానికీ ఒడుదొడుకులు తప్పలేదు, 2025లో గ్రాంట్లకు భారీగా కోత పడింది. అమెరికాలో చదువుతున్న మన విద్యార్థులకు ఒక సూచన: అమెరికార్ప్స్‌లో చేరాలంటే అక్కడి పౌరసత్వమో శాశ్వత నివాస హోదానో ఉండాలి. ఎఫ్-1 వీసా మీద కుదరదు. ఎవరైనా కుదురుస్తామంటే నమ్మకండి.

మన రాష్ట్రాలకు అంత పెద్ద పథకం వెంటనే అక్కర్లేదు. ఒక్కో రాష్ట్రం ఒక్కో పార్కును ఎంచుకుని ఒక సీజన్ బృందాన్ని పెట్టి చూడొచ్చు. కనీస వేతనానికి తగ్గని స్టైపెండ్, బస, ప్రమాద బీమా, పాముకాటు, జ్వరాలకు వైద్యం, మొదటి రెండు వారాలు శిక్షణ. సగం సీట్లు అడవి అంచు గ్రామాల యువతకు. ఆడపిల్లలకు సురక్షితమైన బస, టాయిలెట్. ఇది ‘వీలైతే చూద్దాం’ అనే విషయం కాదు. బస లేదన్న ఒక్క కారణంతో ఫీల్డ్ పనికి ఇంట్లో ఒప్పించలేకపోయే అమ్మాయిలు ఎంతోమంది. విశ్వవిద్యాలయాలు ఈ సీజన్‌కు క్రెడిట్లు ఇస్తే విద్యార్థి ఒక సెమిస్టర్ పోగొట్టుకోవాల్సిన పనీ ఉండదు.

ఇంతకీ ఆ తర్వాత?

మొదటి ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పుకోవాలి. ఒక సీజన్ పని పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వదు. గ్రూప్స్‌లో మార్కులు కలవవు. ఇంటి బాధ్యత మొత్తం మీ మీదే ఉంటే, స్టైపెండ్ లేని పనికి వెళ్లమని మేం చెప్పం.

కానీ అది తెరిచే తలుపులు కొన్ని ఉన్నాయి. మొక్కను గుర్తించడం, జీపీఎస్‌తో చోటు నమోదు చేయడం, పద్ధతి ప్రకారం డేటా రాయడం, దాన్ని పటం మీద పెట్టడం వచ్చినవాళ్లను పరిశోధన సంస్థల ప్రాజెక్టులు ఫీల్డ్ అసిస్టెంట్లుగా, ప్రాజెక్టు అసిస్టెంట్లుగా తీసుకుంటాయి. పెద్ద ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ నివేదికల్లో వృక్ష, జంతుజాలాల సర్వే ఉంటుంది. జీవవైవిధ్య చట్టం 2002 కింద ప్రతి స్థానిక సంస్థ పరిధిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు కావాలి. వీటన్నింటికీ కావాల్సింది ఇదే నైపుణ్యం. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు బోటనీ, జువాలజీతో పాటు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, జియాలజీ, అగ్రికల్చర్, ఇంజినీరింగ్ చదివినవాళ్లూ అర్హులే. ఇంటర్వ్యూ బోర్డు ముందు అడవి గురించి చదివి చెప్పే మాటకూ, తిరిగి చెప్పే మాటకూ తేడా ఉంటుంది. ఒక్కోసారి ఆ మూడు నెలలే ‘ఈ పని నావల్ల కాదు’ అని కూడా తేల్చేస్తాయి. ఐదేళ్లు ప్రిపరేషన్‌లో గడిపాక తెలియడం కంటే అది నయం.

సీజన్ పనికి పిలుపు వస్తే ఒప్పుకునే ముందు ఇవి అడగండి:

• స్టైపెండ్ ఎంత, ఏ తేదీకి ఇస్తారు? కాగితం మీద రాసిస్తారా?
• బస ఎక్కడ? బీమా ఉందా? దగ్గర్లో ఆస్పత్రి ఎంత దూరం?
• పార్కులో పనిచేయడానికి అటవీ శాఖ అనుమతి ఉందా?
• శిక్షణ ఎవరిస్తారు, ఎన్ని రోజులు?
• సర్టిఫికెట్‌లో ‘పాల్గొన్నారు’ అని మాత్రమే రాస్తారా, చేసిన పనులన్నీ రాస్తారా?
• మేం సేకరించిన వివరాలు ఏమవుతాయి? వచ్చే ఏడాది మళ్లీ కొలుస్తారా?

చివరి ప్రశ్నకు సమాధానం లేకపోతే అనుమానించండి. మళ్లీ కొలిచే ఆలోచనే లేనివాళ్లకు కావాల్సింది మీ శ్రమ కాదు, బ్యానర్ వెనక మీ ఫొటో.

పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు కూడా. మీ కాలేజీ చుట్టూ, మీ ఊరి చెరువుగట్టు మీద 50 మొక్కలు ఎంచుకోండి. ప్రతిదానికీ మీ ఊరి పేరు, శాస్త్రీయ నామం, కుటుంబం, పూసే నెల ఒక నోట్‌బుక్‌లో రాయండి. సర్కారు తుమ్మ, వయ్యారిభామ, లాంటానా ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక పటం గీయండి. ఆ పని కోసం క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అనుమానం వస్తే డిపార్ట్‌మెంట్ హెర్బేరియంలో పోల్చి చూడండి. ఆ గది తాళం తీయించి ఎన్నాళ్లయిందో మీ లెక్చరర్‌ను అడగండి. ప్రథమ చికిత్స నేర్చుకోండి, ఎండలో పది కిలోమీటర్లు నడవడం అలవాటు చేసుకోండి. ఒక ఏడాది పాటు నింపిన ఆ నోట్‌బుక్, రెజ్యూమెలో ‘ప్రకృతి అంటే ఆసక్తి’ అని రాసుకునే లైను కంటే ఎక్కువ చెబుతుంది.

చివరిగా ప్రభుత్వాలకు ఒక మాట. మొక్కలు నాటే కార్యక్రమాలకు ఏటా డబ్బు ఖర్చవుతోంది. నాటినవాటిలో ఎన్ని బతికాయో, ఏ గడ్డి తిరిగొచ్చిందో, ఏ కలుపు మళ్లీ లేచిందో చూసే మనుషుల కోసం ఆ ఖర్చులో ఒక చిన్న వాటా పక్కన పెట్టండి. చదువుకుని ఖాళీగా ఉన్న యువత ఉంది, కొలవాల్సిన అడవి ఉంది. వచ్చే తొలకరికి ముందే నోటిఫికేషన్ ఇవ్వండి. వానలు మొదలయ్యాక ఇస్తే ఒక సీజన్ దాటిపోతుంది, దాంతో ఒక ఏడాదీ పోతుంది.